నల్లకోడి నేరాలు

సారీ బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు. వీధిలో ఎక్కడ ఏ తప్పు జరిగినా తన కోడిని చంకన పెట్టుకుని వెళ్ళి, దాని చేత క్షమాపణ చెప్పించేవాడు.

అదేదో ఆషామాషీగా కాదు, దానికో పద్ధతుంది. ముందు అవతలివాళ్ళ గేటు దగ్గర నిలబడి గొంతు సవరించుకునేవాడు. తర్వాత కోడి మెడ మీద రెండు వేళ్ళు ఆనించి మెల్లగా తల వంచేవాడు. "మా అమ్మాయి తప్పు చేసిందమ్మా. చిన్నది, తెలియక చేసింది. మీరు ఓ మాటన్నా పడుతుంది" అనేవాడు. కోడి "కొక్" అనేది. "విన్నారుగా, సారీ చెప్పింది" అని, కేసు కొట్టేసిన జడ్జిగారిలా నింపాదిగా ఇంటికి నడిచేవాడు.

ఆయన రిటైరైన బస్సు కండక్టరు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బస్సు ఆలస్యానికీ, డ్రైవరు వేసిన బ్రేకుకీ, రోడ్డు మీద గుంటకీ, ఆఖరికి కిటికీలోంచి కొట్టిన వానజల్లుకీ ప్రయాణికులకి ఆయనే సారీ చెప్పాడట. రిటైరయ్యాక సారీలు మిగిలిపోయాయి, ప్రయాణికులు లేరు. పెరట్లో కోళ్ళు పెట్టాడు. వాటిలో నల్లదొకటి ఉండేది. పుట్టుకతోనే దానికి దొంగచూపు. పాపం, వీధిలో సగం నేరాలు ఆ చూపు వల్లే దాని నెత్తిన పడ్డాయని చెప్పుకోవాలి.

గేటు ముందు పాలప్యాకెట్ మాయమైతే నల్లది. స్కూటరు అద్దం పగిలితే నల్లది. మూలింటి ముసలావిడ వంటింట్లో కోడలి గాజుకూజా భళ్ళున బద్దలైనప్పుడు కూడా, ఆ కోడలు నోరు తెరిచేలోపే బాబాయి నల్లదాన్ని పట్టుకుని హాజరు. "కిటికీలోంచి దూరిందమ్మా, ముండ!"

"మా కిటికీకి జాలీ ఉంది బాబాయిగారూ!" అంది కోడలు.

"అదేనమ్మా నేను చెప్పేది! జాలీ ఉన్నా దూరిందంటే ఎంత పొగరో చూడండి!"

కోడలు కోపం ఎటో పోయి, పొట్ట పట్టుకుని నవ్వింది. లోపల ముసలావిడ కూడా నవ్వింది. వీధంతా వారంపాటు ఆ జాలీ మాట చెప్పుకుని నవ్వింది.

నవ్వనిది ఒక్క టైలరమ్మే. బాబాయి ఇంటికి గోడ పక్క ఇల్లు ఆవిడది. ముందుగదిలో మిషను, గోడకి నిలువుటద్దం, వెనక చిన్న గది. ఇల్లు గడిచేది ఆ మిషను మీదే. పెద్దపెద్ద ఇళ్ళవాళ్ళు కార్లు దిగి ఆవిడ దగ్గరికి కొలతలు ఇవ్వడానికొచ్చేవారు. వాళ్ళ ముందు మాట పడడమంటే ఆవిడకి ప్రాణం మీదికొచ్చినట్టే. ఆవిడకి సిగ్గు ఎక్కువ. దారం తెగినా, కరెంటు పోయినా, వచ్చినవాళ్ళకి కుర్చీ చాలకపోయినా చెవులు ఎర్రబడిపోయేవి. అలాంటి మనిషికి దేవుడు పొరుగున ఎవర్ని ఇచ్చాడో చూడండి.

ఒకసారి కారులో వచ్చిన ఒకావిడ, కొత్త జాకెట్టు చేతులు పొట్టయ్యాయని ముందుగదిలో కేకలు పెడుతోంది. "ఇదేనా నీ పనితనం? కొలతలు తీసుకున్నావా, కాకిలెక్క వేశావా?" టైలరమ్మ తలెత్తలేక నేలలోకి కుంగిపోతోంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో దగ్గు వినిపించింది.

"తప్పు మాదమ్మా" అన్నాడు సారీ బాబాయి. చంకలో నల్లది. "మీ కొలతల చీటీలో ఓ ముక్క మా అమ్మాయి తినేసింది. చేతుల ముక్కే తిన్నట్టుంది. చిన్నది, తెలియక చేసింది. మీరు ఓ మాటన్నా పడుతుంది."

"కొక్" అంది నల్లది.

కారావిడ పడిపడి నవ్వి, "సరేలే, అంచుకి ఇంత గుడ్డ అతికించి ఇవ్వు" అంటూ వెళ్ళిపోయింది. గొడవ తీరింది. కానీ టైలరమ్మకి మాత్రం తల కొట్టేసినట్టయింది. కోడి వచ్చి తన తరఫున సారీ చెప్పడమా! ఊళ్ళో ఇంకెవరికైనా ఇంత అప్రతిష్ఠ ఉంటుందా! ఆ రోజంతా మిషను తొక్కుతూ ఉడికిపోయింది.

ఇంతలో ఎలకలు వచ్చాయి.

వచ్చి ఊరుకోలేదు. ఒకావిడ పట్టు పావడా అంచు కొరికాయి. ఇంకొకరి లైనింగు గుడ్డని జల్లెడ చేశాయి. "ఇంకెక్కణ్ణుంచి వస్తాయి? ఆ కోళ్ళ దాణా కోసమే" అని టైలరమ్మ తీర్మానించేసింది. తన ఇంట్లో ఎలకలకి తిండెక్కడిది? గుడ్డలూ గుండీలూ తప్ప ఏముంది? గోడ మీంచి ఆ మాటే గట్టిగా అడిగింది.

బాబాయి ఈసారి కోడిని తేలేదు. మూత ఉన్న పెద్ద ఇనప డబ్బాని దొర్లించుకుంటూ వచ్చాడు. "ఇది మా ఇంట్లో అడ్డంగా ఉందమ్మా. నీ వెనకగదిలో పనికొస్తుందేమో ఉంచు. మూత గట్టిది. గింజ బయటికి పోదు, పురుగు లోపలికి రాదు."

"గింజలెక్కడివి బాబాయిగారూ నా దగ్గర? నేనేమైనా కిరాణా కొట్టు పెట్టానా?"

ఆయన వెనకగది వైపు ఓసారి చూశాడు. "అయినా ఉంచమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆవిడ దాన్ని ముందుగదిలో బోర్లించి, పైన దుప్పటి పరిచి, ఇస్త్రీ బల్ల చేసుకుంది. ఎత్తు సరిగ్గా సరిపోయింది కూడా. ఎలకలు మాత్రం తగ్గలేదు. ఓపిక పట్టి పట్టి, ఒకరోజు ఆవిడ మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళి ఫిర్యాదు చేసి వచ్చింది.

శానిటరీ ఇన్‌స్పెక్టరు కొలత టేపు పట్టుకుని వచ్చాడు. కోళ్ళ గూటికీ గోడకీ మధ్య దూరం కొలిచాడు. గూడు కింద వంగి చూశాడు. సరిగానే ఉన్నట్టు తల ఊపి, అన్నాడు. "చూడండి పెద్దాయనా, రూలు ఇద్దరికీ ఒకటే. ఎలకలు ఎవరింటి తిండికి చేరుతున్నాయో ఆ ఇంటివాళ్ళదే తప్పు. కోళ్ళైతే కోళ్ళు పోవాలి. ఇంట్లో చేసే పనైతే ఆ పని మూసెయ్యాలి. ఏమ్మా, మీ ఇంట్లో ధాన్యంగానీ గింజలుగానీ నిలవ చేస్తారా?"

"అయ్యో, నా దగ్గర దారం తప్ప ఏముంటుందండీ?" అంది టైలరమ్మ. అబద్ధమాడలేదు. అలాగే అనుకుంది.

"ఓసారి మీ వెనకగది చూపించండి."

"ఎందుకు సార్ అంత శ్రమ!" బాబాయి అడ్డం వచ్చాడు. అప్పటికే నల్లది చంకలో ఉంది. "నేరస్థురాలు ఇక్కడే ఉంటే! ఇదే సార్, దాణా అంతా కాళ్ళతో చిమ్ముతుంది. ఎలకల్ని పిలిచి మరీ వడ్డిస్తుంది."

ఇన్‌స్పెక్టరు కోడిని చూశాడు, ఆయన్ని చూశాడు. గూటి పక్కనే మూతి తెరిచి ఉన్న దాణా సంచిని చూశాడు. "మూతడబ్బా ఏది? రూలు తెలుసు కదా?"

"ఉండేది సార్. ఇదే ఎక్కడో పారేసింది."

"అంత డబ్బాని కోడి పారేసిందా?"

"జాలీలోంచి దూరే కోడి సార్ ఇది!"

ఇన్‌స్పెక్టరుకి నవ్వు రాలేదు. ఆదివారంలోగా కోళ్ళు ఈ వీధిలో ఉండకూడదని చెప్పి వెళ్ళిపోయాడు. టైలరమ్మ గెలిచింది. గెలిచినా ఎందుకో ఆ పూట అన్నం సయించలేదు.

ఆదివారం బాబాయి ఆటోలో బుట్టలు సర్దుకుని, ఊరవతల ఉన్న మరదలి ఇంట్లో కోళ్ళని దింపి వచ్చాడు. ఆ తర్వాత వీధి పాడైపోయింది. పాలప్యాకెట్ పోతే ఎదురింటివాణ్ణి అనుమానించారు. స్కూటరుకి గీత పడితే ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు. మూలింట్లో ముసలావిడ చేతిలోంచి పళ్ళెం జారితే, కోడలి గొంతు వీధి చివరిదాకా వినిపించింది. బాబాయి అలవాటుకొద్దీ పరుగెత్తుకెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. చంక చూసుకున్నాడు, ఖాళీ. "సారీ అమ్మా..." అని, నేరం ఎవరి మీద వెయ్యాలో తెలియక వెనక్కి వచ్చేశాడు.

ఎలకలు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇంకా బలిశాయి.

టైలరమ్మకి ఇంకో పని ఉండేది. కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డపీలికలతో అరచెయ్యంత సంచులు కుట్టి, వాటిలో గోధుమలు నింపి మూతి కుట్టేసేది. వేడి చేసి మోకాళ్ళకి కాపడం పెట్టుకోవడానికి బాగుంటాయని మందులషాపువాడు తీసుకునేవాడు. ఆ వారం షాపువాడు తొందర చేస్తే, గోధుమలు తియ్యడానికి ఆవిడ వెనకగదిలోకి వెళ్ళింది. మూల నిలబెట్టిన గోనెసంచిని లాగింది. సంచి తేలిగ్గా వచ్చేసింది. కింద పిడికిలి దూరేంత కంత. పక్కన గుడ్డపీలికల కుప్పలో ఎలకపిల్లలు ఎర్రగా కదులుతున్నాయి. గోడవారన, బాబాయి పెరట్లోకి పోయే తూము దాకా, గోధుమపొట్టు బాటలా పడి ఉంది.

ఇన్నాళ్ళూ గోధుమలు తిండిగింజలన్న సంగతే ఆవిడకి తట్టలేదు. గుండీల్లాగా, దారంలాగా, అదీ సరుకే అనుకుంది. కుట్టేవాళ్ళకి నింపే సరుకు తిండిలా కనిపించదు, ఏం చేస్తాం!

మిగిలిన గోధుమలు దేన్లోనైనా పొయ్యాలని ఇల్లంతా వెతికింది. ఇస్త్రీదుప్పటి లాగి ఆ ఇనప డబ్బాని తిరగేసింది. మూత తీస్తే లోపల అడుగున మొక్కజొన్న నూక అంటుకుని ఉంది. కోళ్ళ దాణా వాసన గుప్పుమంది. ఆవిడ అక్కడే చతికిలబడింది.

కాసేపటికి గోడ దగ్గరికెళ్ళి పిన్నిగారిని పిలిచింది. పిన్నిగారంటే బాబాయి భార్య. మనిషి మితభాషి. ఇంట్లో మాటలన్నీ ఆయనే వాడేస్తే ఇక ఆవిడకేం మిగులుతాయి?

"పిన్నిగారూ, ఆ డబ్బా... మీ కోళ్ళ దాణా డబ్బాయేనా?"

"అవునమ్మా."

"బాబాయిగారికి ముందే తెలుసా?"

"తూము దగ్గర గోధుమపొట్టు చూశారు. మేం వేసేది మొక్కజొన్న నూకే కదా."

"మరి నాతో ఒక్క మాట చెప్పచ్చుగా!"

"నేనూ అదే అన్నాను. 'ఆ పిల్లకి సిగ్గెక్కువే, చిన్నబుచ్చుకుంటుంది, పైగా ఆ పని పోతే ఇల్లెలా గడుస్తుంది' అన్నారు. కోడికైతే సిగ్గుండదట." పిన్నిగారు గొంతు తగ్గించి, "ఆ కూజా బద్దలు కొట్టింది కూడా ముసలావిడేనమ్మా. చేతులు వణుకుతాయి పాపం" అంది.

టైలరమ్మకి కిటికీ జాలీ గుర్తొచ్చింది. కారావిడ జాకెట్టు గుర్తొచ్చింది. ఆ చేతులు పొట్టి కావడం తన పొరపాటే, కొలతల చీటీ తన డ్రాయరులో భద్రంగానే ఉంది. ఇన్నాళ్ళూ తన పరువు తీస్తున్నాడనుకున్న మనిషి, తన పరువు కాపాడ్డానికి కోడిని మోసుకు తిరిగాడు. సిగ్గుతో ఆవిడకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఇది చెవులు ఎర్రబడే సిగ్గు కాదు. లోపల ఎక్కడో మెలిపెట్టే సిగ్గు.

మర్నాడు మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళింది. నలుగురి ముందూ నిలబడి, "తప్పు నాదండీ. ఎలకలు నా గోధుమలకే వచ్చాయి. పని మూసెయ్యమంటే మూసేస్తాను, కోళ్ళని మాత్రం రానివ్వండి" అంది. ఇన్‌స్పెక్టరు వచ్చి వెనకగది చూశాడు. తూముకి జాలీ బిగించి ఉంది. గోధుమలు డబ్బాలో ఉన్నాయి, మూత వేసి ఉంది. ఆ డబ్బా ఎవరిదో కూడా ఆవిడ దాచలేదు. "ఇలాగే ఉంచండి. పని చేసుకోండి" అన్నాడు. బయటికి నడుస్తూ, "ఆ పెద్దాయనకి ఇంకో డబ్బా కొనిపెట్టండి. లేకపోతే ఈసారీ కోడే పారేసిందంటాడు" అన్నాడు. అప్పుడు నవ్వాడు.

కోళ్ళు తిరిగొచ్చిన రోజు పొద్దున్నే టైలరమ్మ కొత్త డబ్బా దొర్లించుకుంటూ బాబాయి గేటు దగ్గరికి వెళ్ళింది. చంకలో కంత పడ్డ ఆ గోనెసంచి ఉంది. గొంతు సవరించుకుంది. సంచి మూతి మీద రెండు వేళ్ళు ఆనించి, మెల్లగా వంచింది.

"మా అమ్మాయి తప్పు చేసింది బాబాయిగారూ. చిన్నది, తెలియక చేసింది. మీరు ఓ మాటన్నా పడుతుంది."

సారీ బాబాయి కొయ్యబారిపోయాడు. జీవితమంతా సారీ చెప్పినవాడే తప్ప, సారీ పుచ్చుకుని ఎరుగడు. పుచ్చుకునేవాళ్ళు ఏం చేస్తారో కూడా తెలియదు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. "అబ్బే, ఎందుకమ్మా... పసిది కదా..." అని సంచి వీపు నిమిరాడు.

ఆ నిమరడంలో కంతలోంచి నాలుగు గోధుమగింజలు రాలాయి. ఎక్కణ్ణుంచి వచ్చిందో నల్లది రివ్వున వచ్చి, వాటిని టకటకా పొడుచుకుని మింగేసింది.

బాబాయి మొహం చేటంత అయింది. వంగి దాన్ని చంకన పెట్టుకుని, నిటారుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు. "సారీ అమ్మా! మా అమ్మాయి నీ సరుకు తినేసింది. చిన్నది, తెలియక చేసింది..."

సరిగ్గా అప్పుడే కారు ఆగింది. ఆ పాత కారావిడే, కొత్త గుడ్డతో దిగింది. గేటు దగ్గర చంకలో సంచితో టైలరమ్మ, చంకలో కోడితో బాబాయి, ఒకరికొకరు తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. "ఏంటిది?" అని కళ్ళు పెద్దవి చేసింది.

టైలరమ్మ చెవులు ఎర్రబడలేదు. "మా బాబాయిగారండీ" అంది. "లోపల కూర్చోండి, వచ్చేస్తాను. మా ఇద్దరి సారీలూ ఇంకా అవలేదు."