తీగపొయ్యి మీద ద్వాదశి పులగం

ఆకలిని పుట్టించి, అది తీరే దారిని కూడా పుట్టించిన స్వామికి ముందుగా నా నమస్కారం. గింజలో రుచిని, వండే చేతుల్లో ఓపికను పెట్టినవాడు ఆయనే. ఆయన చేసిన మేలును చెప్పబోతూ ఆయనను తలచుకోకుండా మొదలుపెడితే నాకు మాట కుదరదు. సీతారాములకు జయం.

నేను పుట్టి పెరిగింది రాయగడలో. మా నాన్నగారు పురాణం చెప్పేవారు. ఆయన పక్కన కూర్చుని పుస్తకం పట్టుకోవడమే నా చదువు. పెళ్ళయి జయపురం వచ్చాను. మా అత్తవారు రెండు తరాల కిందట సముద్రం వైపు నుంచి రాజావారి ఎస్టేటు కచేరీలో రాతపనికి వచ్చినవాళ్ళు. ఎస్టేటు పోయాక మావారు ప్రభుత్వ కచేరీలో గుమాస్తాగా చేరారు. ఇంట్లో మేమిద్దరం, మా అత్తగారు. వారానికోసారి మా ముందుగదిలో భజన గోష్ఠి. తాళాలు, మృదంగం అయ్యాక అత్తగారు పురాణం చదివేవారు. ఆడవాళ్ళు చదివే ఇల్లు ఆ వీధిలో మాదొక్కటే. ఆవిడ గొంతు వినడానికి సెమిలిగుడ నుంచి కూడా బస్సెక్కి వచ్చేవారు.

ఆ చదువు ఆగిపోతుందేమోనన్నదే ఆ ఏడు నా భయం. అత్తగారికి కుడికన్ను అప్పటికే మసకబారింది. పెద్దాసుపత్రి డాక్టరు రెండో కన్ను కూడా చూసి, పొగ తగలకపోతే ఇది నిలుస్తుంది, తగిలితే నేను చెప్పలేను అన్నాడు. కాని స్వామికి నైవేద్యం తన చేతులతోనే వండుతానని ఆవిడ ఎప్పుడో మొక్కుకున్నారు. మా కొండల్లో వానకాలం ఎంత పొడుగో ఉన్నవాళ్ళకే తెలుసు. బొయిపరిగుడ వైపు నుంచి మోపులుగా వచ్చే కట్టెలు తడిసే వచ్చేవి. పిడకలు ఎండేవి కావు. ఊదుగొట్టం పట్టుకుని ఆవిడ పొయ్యి ముందు వంగితే, మళ్ళీ లేచేసరికి రెండు కళ్ళూ చింతనిప్పుల్లా ఉండేవి.

ఊళ్ళోకి కరెంటు వచ్చిన రెండో ఏడు, పంతొమ్మిది వందల యాభైల చివర, మావారు విశాఖపట్నం నుంచి ఒక తీగపొయ్యి తెచ్చారు. ఇనప చట్రంలో తెల్లని మట్టిపళ్ళెం, దాని గాడిలో మెలికలు తిరిగిన తీగ, అంతే. మీట నొక్కితే తీగ మెల్లిగా ఎర్రబడింది. పొగ లేదు. నేను చంటిపిల్లలా దాని చుట్టూ తిరిగాను. అత్తగారు మాత్రం గడపలోనే నిలబడ్డారు.

"ఇందులో అగ్నిహోత్రుడేడే అమ్మీ? మంట లేదు, బూడిద లేదు. మొదటి మెతుకు ఎక్కడ వెయ్యనూ?"

మా ఇంట్లో అన్నం ఉడకగానే నేతిలో ముంచిన నాలుగు మెతుకులు పొయ్యిలో వేసి, ఆ తరువాతే స్వామికి పెట్టేవాళ్ళం. అది మానే ప్రసక్తే లేదు. ఆ రాత్రి నేను స్వామి ముందు కూర్చుని, ఈవిడ మనసు మార్చమని అడిగాను. మార్చడానికి తొలి ఏకాదశి మరునాడు మంచి రోజనిపించింది.

ఏకాదశి నాడు గోష్ఠివాళ్ళంతా ఉపవాసం. మరునాడు ద్వాదశి ఘడియలు దాటకముందే మా ఇంట్లో గుప్పెడు ప్రసాదంతో పారణ చేసేవారు. ఆ ఏడు ద్వాదశి పొద్దున్న ఎనిమిదిన్నర దాకానే ఉంది. రెండు రోజులుగా ఎడతెగని వాన. నేను ఎంత బతిమాలానో, ఆఖరికి అత్తగారు, "సరే, ఈ ఒక్క పూటకి దాని మీదే పెడతాను. స్వామికి ఇష్టమైతే ఉడుకుతుంది," అన్నారు.

నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. తెల్లవారకముందే లేచి స్నానం చేసి వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడ వచ్చేసరికి అది పరాయి వస్తువులా కనిపించకూడదని నా తాపత్రయం. పొయ్యికి రోజూ ఏం చేస్తామో అన్నీ చేశాను. పేడనీళ్ళతో అలికాను, పళ్ళేన్నీ చట్రాన్నీ కూడా వదల్లేదు. బియ్యప్పిండితో ముగ్గు పెట్టాను. పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. అత్తగారు చూసి, "పోనీలే, పొయ్యిలాగే ఉంది," అని మొదటిసారి నవ్వారు.

పులగం గిన్నెలో పెసరపప్పు, బియ్యం, నీళ్ళు పోసి పెట్టారు. నేను మీట నొక్కాను. చిటుక్కుమని ఒక నీలం మెరుపు, కాలిన పేడ వాసన, అంతే. పైన దీపం కూడా ఆరిపోయింది.

అత్తగారు గిన్నె దించి, కట్టెల గూటి వైపు నడిచారు. "స్వామికి ఇష్టం లేదమ్మీ. ఆయన చెప్పేశాడు," అన్నారు. ఆ మాటలో కోపం లేదు, అందుకే నాకు మరీ భయమేసింది. ఆవిడ నమ్మారంటే ఇక మారరు. ఈ జన్మలో మళ్ళీ ఆ పొయ్యిని ముట్టరు. తడికట్టెలు రాజేసి ఊదడం మొదలుపెట్టారు. పొగ వంటింట్లోంచి వసారాలోకి వచ్చింది.

పారణ కోసం గోష్ఠివాళ్ళు అప్పటికే వచ్చి భజన మొదలుపెట్టారు. ముందుగది నుంచి భజన పెద్దాయన కేక వేశారు. "అమ్మా, పొగ వస్తోంది, ప్రసాదం ఎప్పుడొస్తుంది? తాళం వేస్తుంటే చేతులు వాటంతట అవే వణుకుతున్నాయి, మావాళ్ళు గమకాలనుకుంటున్నారు."

మావారు గొడుగు పట్టుకుని లైన్‌మన్ కోసం పరుగెత్తారు. అతనిది గుణుపురం దగ్గర సేద్యం చేసుకునే శ్రీకాకుళం వాళ్ళ కుటుంబం, ఉద్యోగరీత్యా మా వీధి చివర్నే ఉండేవాడు. తడి కాళ్ళతో వచ్చి, మడి వంటిల్లని తెలిసి గడప బయటే ఆగాడు. నేనే పొయ్యి తీసి వసారాలో అతని ముందు పెట్టాను. వంగి వాసన చూశాడు.

"ఇదేటమ్మా, దీన్ని అలికేసినారా?"

నేను తల వంచుకున్నాను.

"బొట్టు కూడెట్టినారు. బాగుంది. పెళ్ళికూతురిలా ఉంది. నీళ్ళు దీనికి పడవమ్మా, అందులోనా పేడనీళ్ళు. తీగలో పోవలసిన కరెంటు పళ్ళెమంతా పాకేసింది. మీరు బతికి ఉన్నారు, అదే సాలు."

అప్పుడు వంటింటి వైపు తిరిగి, "అత్తయ్యగారూ, స్వామికి ఇష్టం లేక కాదు. తప్పు నాది. నేనే అలికాను," అన్నాను. పొగలోంచి ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు.

"నేనైనా అలికేదాన్నే," అన్నారు. అని ఊరుకోక, "అయితే ఇది స్వామి మాట కాదన్నమాట," అన్నారు, తనలో తను లెక్క సరిచూసుకుంటున్నట్టు.

లైన్‌మన్ పళ్ళేన్ని పొడిగుడ్డతో గీకి తుడిచాడు. ఎండలో పెట్టమందామంటే ఎండ లేదు. "నిప్పు సెగకి పెట్టి ఆరబెట్టండి, తప్పదు," అన్నాడు. తడికట్టెలకు గిన్నె ఎక్కించేంత మంట ఇంకా రాలేదు. రాజుకున్న నాలుగు నిప్పులు కుంపట్లో వసారాలోకి తెచ్చి పెడితే, కరెంటు పొయ్యిని ఆ కట్టెనిప్పుల సెగకు పెట్టి మావారూ అతనూ అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు. ముందుగదిలో భజన నడుస్తూనే ఉంది. గడియారం ఏడు దాటింది. అతను ఫ్యూజుతీగ మార్చి, వసారాలోనే మీట నొక్కించాడు. తీగ ఎర్రబడింది.

కాని అప్పుడొచ్చింది అసలు చిక్కు. పొయ్యిని అతను ముట్టుకున్నాడు. మడి వంటింట్లోకి తేవాలంటే నీళ్ళు చల్లాలి. నీళ్ళు చల్లితే మళ్ళీ మొదటికి వస్తుంది.

అత్తగారు నా వైపు చూశారు. "నాన్నగారి దగ్గర విన్నదానివి కదా, నువ్వు చెప్పు. అగ్నికి మైల లేదు. ఇది అగ్నేనా?"

నాకు ఒళ్ళంతా పులకరించింది. ఇన్నాళ్ళూ ఈ ప్రశ్న ఆవిడ నన్ను అడగలేదు. "మెరుపు కూడా అగ్నే అని మా నాన్నగారు చెప్పేవారు అత్తయ్యగారూ. నీళ్ళలో కూడా అగ్ని దాగి ఉంటాడని చెప్పేవారు. ఈ కరెంటు కొండల అవతల జలపాతం నుంచే కదా వస్తోంది."

"అవునమ్మా, నీళ్ళలోంచే తీస్తన్నారు. మా బావ ఆ పనికెళ్ళేడు, కళ్ళారా సూసేడు," అన్నాడు లైన్‌మన్.

"మాటలు నాకొద్దు," అన్నారు అత్తగారు. "మెతుకు పుచ్చుకుంటాడేమో చూస్తాను."

ఉడికిన మెతుకు ఇంకా లేదు కనుక, లోపలికి వెళ్ళి నాలుగు బియ్యపు గింజలే నేతిలో తడిపి తెచ్చారు. లైన్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండి మామ్మగారూ. ఆ తడి సీరతో దాని దగ్గిరికి రావద్దు. పొడిబట్ట కట్టుకోండి, సెక్కపీట మీద నిలబడండి. సెయ్యి తగలనియ్యకండి, పైనించి వదలండి."

"పట్టుబట్ట ఉంది. పొడిగా ఉన్నా అది మడే," అన్నారు ఆవిడ. మారు మాట్లాడకుండా కట్టుకుని వచ్చి పీట ఎక్కారు. భజన ఎప్పుడు ఆగిందో తెలియదు, గోష్ఠివాళ్ళంతా వసారా గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడ పెదవులు కదిలాయి. వేళ్ళ మధ్య నుంచి గింజలు జారాయి.

ఎర్రని తీగ మీద నెయ్యి చిటపటలాడింది. వేలెడు మంట నిటారుగా లేచింది, పసుపుపచ్చగా, హోమంలో లేచినట్టే. గింజలు నల్లబడి, బూడిదై, గాడిలోకి రాలాయి. మంట అణిగింది. తీగ మళ్ళీ ఎర్రగా ఉంది.

భజన పెద్దాయన చేతులు జోడించారు. అత్తగారు మాత్రం వంగి, ఎడమకంటితో ఆ బూడిదను చూస్తూ ఉండిపోయారు.

"పుచ్చుకున్నాడు," అన్నారు. "లోపలికి తీసుకురా అమ్మీ. నీళ్ళు చల్లకు."

ఆ తరువాత నా కాళ్ళు నేల మీద లేవు. కట్టెలపొయ్యి ఆర్పేశాను. తలుపులు, కిటికీలు తెరిచి పొగను బయటికి పంపాను. ఎక్కడ ఆగిపోతుందోనని పులగం గిన్నె మీద నుంచి చూపు తిప్పలేదు. కుతకుతమన్న చప్పుడు వినిపించగానే ముందుగదిలోకి పరుగెత్తి చెప్పి వచ్చాను. అత్తగారు పట్టుబట్టతో పీట మీద నిలబడి, నెయ్యి, మిరియాలు వేసి కలిపారు. గడియారం ఎనిమిదీ పావు చూపించినప్పుడు స్వామి ముందు ఆకు పరిచారు. ఎనిమిదిన్నర కాకముందే అందరి అరచేతుల్లో వేడివేడి పులగం ఉంది. లైన్‌మన్‌కు నేనే దోసెడు పెట్టాను. అతను తింటూ, "అలకడం మానేయండమ్మా, మిగతాదంతా నాను సూసుకుంటాను," అన్నాడు.

ఆ రోజు నుంచి నైవేద్యం తీగపొయ్యి మీదే. ఆ పై ఏటికి మా రోజువారీ వంట కూడా దాని మీదికే వచ్చింది. అత్తగారికి పోయిన చూపు తిరిగి రాలేదు. ఉన్నది నిలిచింది. వారం వారం ఆవిడ పురాణం చదువుతూనే ఉన్నారు, అక్షరం దగ్గర ఆగి కళ్ళు తుడుచుకోవడం మాత్రం లేదు. గోష్ఠిలో మరో మూడు ఇళ్ళవాళ్ళు తీగపొయ్యిలు తెప్పించుకున్నారు. మొదట మా ఇంటికి వచ్చి, అత్తగారి దగ్గర మెతుకు ఎలా వెయ్యాలో చూసి వెళ్ళేవారు.

ఇది చదువుతున్న అమ్మలారా, అయ్యలారా, ఒక్క నిమిషం పుస్తకం పక్కన పెట్టండి. ఇప్పటికీ ఏ కొండవాలులోనో ఒక తల్లి తడికట్టెల ముందు వంగి ఊదుతూ ఉంటుంది. ఆమె కళ్ళ కోసం నాతో కలిసి స్వామిని అడగండి: తండ్రీ, ఆ పొయ్యిలోకి కూడా పొగ లేని నిప్పువై రా. ఆ కళ్ళను కాపాడు.