తుపాకుల దర్జీ

దర్జీ పని మానేసినా ఆయన చేతిని కత్తెర వదల్లేదు. ఊరి చివర తుపాకుల క్లబ్బులో ఒక బల్ల దొరికింది. సెలవు రోజుల్లో ఆ బల్ల దగ్గర కూర్చుని తుపాకులకు గుడ్డముక్కలు కత్తిరిస్తాడు. తుపాకులకు చొక్కాలు కుట్టే దర్జీ అని వెక్కిరించేవాళ్లున్నారు. ఆయన కాదనడు.

అక్కడివన్నీ పాతకాలపు తుపాకులు. మూతిలోంచి మందు పోయాలి. నూనె పట్టిన గుడ్డముక్కలో సీసపు గుండును చుట్టి, కడ్డీతో లోపలికి దించాలి. గుండుకీ గొట్టానికీ మధ్య సందు లేకుండా చూసేది ఆ ముక్కే. పేలాక అది ఎదుటి గడ్డిలో పడుతుంది. ఏరి చూస్తే సంగతంతా తెలిసిపోతుంది. అంచులు నిలిచి నడుమ కాస్త నల్లబడితే మంచిది. చిల్లు పడితే గుండు దారి తప్పినట్టే.

కిందటి పోటీలో చిల్లులు పడ్డాయి. ముక్కలకు పట్టించినదాంట్లో మైనం ఎక్కువై, ఆముదం తక్కువైంది. క్లబ్బును నడిపేది ఆయన బావమరిదే.

"బావా, ఇంకోసారి ఇలా అయితే కొట్లో కత్తిరించిన ముక్కల ప్యాకెట్లే కొనేస్తాం. నీ బల్ల మీద టీ కెటిల్ పెట్టుకుంటాం," అన్నాడు.

నవ్వుతూ అన్నా అన్నట్టే. అప్పటినుంచీ ఆయనది ఆముదం తాగిన ముఖమే.

ఈసారి మందపాటి నూలు గుడ్డ కొని, వేడినీళ్లలో నానేసి, మిల్లు గంజి పూర్తిగా పోయేదాకా ఉతికాడు. గంజి ఉంటే గుడ్డ నూనె పీల్చదు, నిప్పు తగలగానే చిరుగుతుంది. దండెం మీద ఆరేశాడు. దాన్ని తీసి సంచిలో సర్దింది భార్య. పోటీ రోజు పొద్దున్నే ఆయన విప్పి చూడకుండానే సంచి చంకన పెట్టుకుని బయల్దేరాడు. తమ్ముడి ఆట చూస్తానని ఆవిడా వెంట వచ్చింది. అసలు చూడవచ్చింది మొగుడి బల్లని.

సంచి విప్పితే గుడ్డ కొత్తల్లుడి చొక్కాలా నిటారుగా నిలబడింది. వేలితో మీటాడు. అట్టలా చప్పుడైంది.

"అలా చూస్తారేంటండీ? నలిగిన పీలిక నలుగురిలో పెడితే ఎవరికి తలవంపులు? కాస్త గంజి పెట్టి ఇస్త్రీ చేశాను," అని భార్య మెచ్చుకోలు కోసం ఆగింది.

ఆయన గుడ్డను మళ్లీ మడతపెట్టబోయాడు. ఈలోగా బావమరిది వచ్చి గుడ్డ అంచు పట్టుకుని ఊపాడు.

"ఇదేంటి బావా, తుపాకీకి అత్తారింటి మర్యాదలా? ఎవరి నిర్వాకం?"

"నాదే," అన్నాడు దర్జీ.

"ఈయనకి గంజి కాయడం కూడానా? నీళ్లు పెట్టినా మాడగొడతారు. నాదేరా," అంది భార్య.

పోటీ ఆగదు కదా. బావమరిది ముందే కొట్లో కొనుంచిన ప్యాకెట్ చింపాడు. మొదటి విడత కొట్టు ముక్కలతోనే మొదలైంది.

మొగుడూ పెళ్లామూ కుళాయి దగ్గర చేరారు. ఆవిడ రుద్దింది, ఆయన పిండాడు.

"గంజి పనికిరాదని ముందే చెప్పొచ్చుగా."

"నా చొక్కాలకి పెట్టమంటే మరిచిపోతావు. వద్దని చెప్పాలని ఎలా తోస్తుంది?"

ఆవిడ తడి చేతులు ఆయన మీద విదిలించింది.

గుడ్డ కంచె మీద ఆరుతోంది. విడత ముగిసి తుపాకులన్నీ పక్కన పెట్టాక ఆయన గడ్డిలోకి వెళ్లి కొట్టు ముక్క ఒకటి ఏరుకొచ్చాడు. అంచులు చెక్కుచెదరలేదు. తిప్పి తిప్పి చూశాడు. తప్పు దొరకలేదు.

"బాగుంది," అన్నాడు చివరికి.

గుడ్డ ఆరాక మైనం, ఆముదం కరిగించి పట్టించాడు. గుండ్రంగా కత్తిరించాడు. రెండో విడతకి బావమరిది అక్క ముఖం చూసి ఆ ముక్కలు తీసుకున్నాడు. కాల్చాక వాటినీ ఏరుకొచ్చి, రెండు రకాలూ బల్ల మీద పక్కపక్కన పరిచాడు.

"రెండూ ఒకటే బావా. వెంట్రుకంత తేడా లేదు."

"అయితే బల్ల తీసుకో," అని దర్జీ కత్తెర తుడిచి సంచిలో వేయబోయాడు.

బావమరిది ప్యాకెట్‌ను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "పొద్దున్నుంచీ దీన్ని నానా మాటలూ అన్నాను. ఉలకదు, పలకదు. నువ్వైతే ముఖమన్నా మాడ్చుకుంటావు."

"అంటే ఉద్యోగం నా ముఖానికా?"

"ముఖానికే. చేతులు దాంతోపాటు ఊరికే వస్తాయి. కొయ్యి, మూడో విడత మొదలవుతోంది."

ఆయన కత్తెర తీశాడు. కాస్త తొందరగానే తీశాడు. భార్య గుడ్డ రెండో కొస అందుకుని, ముడత పడకుండా బిగించి పట్టుకుంది.