అన్ని రాశులకూ భూయోగం

ఉగాదికి మా అపార్ట్‌మెంట్‌లో పంచాంగం చదివే పని కొన్నేళ్లుగా నాదే. ఆ సాయంత్రం తార్నాకలో ఏ పంతులుగారూ ఖాళీగా దొరకరు. నేను యూనివర్సిటీలో సంస్కృతం చెబుతాను కాబట్టి పంచాంగమూ నాకే బాగా తెలుసని మావాళ్ల నమ్మకం. సెల్లార్‌లో కార్లు పక్కకు జరిపి, జంపఖానాలు పరుచుకుని కూర్చునేవాళ్లం. ఎవరి రాశికి వ్యయం ఎక్కువగా వస్తే వాళ్లను మిగతావాళ్లు ఆటపట్టించేవారు.

ఈసారి పండగకు ముందురోజు డిపార్ట్‌మెంట్‌లో పరీక్ష పేపర్లు దిద్దుతుంటే అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఫోన్ చేశాడు.

"మేడం, ఈసారి ఖర్చంతా ప్లాట్లమ్మే కంపెనీవాళ్లే పెట్టుకుంటున్రు. స్టేజీ, మైకు, టిఫిన్లు, అన్నీ. వాళ్ల మేనేజర్ మీ దగ్గరికి వస్తున్నడు. జర మాట్లాడుండ్రి."

వచ్చినాయన నలభై దాటిన మనిషి, మర్యాదస్తుడు. స్వీట్ల డబ్బా తెచ్చి పేపర్ల పక్కన పెట్టాడు.

"అన్ని రాశులవాళ్లకూ భూయోగం ఉన్నదని ఒక్క మాట అనండి మేడం. పండగపూట వింటే జనాలకు పాజిటివ్‌గా ఉంటది."

"పంచాంగంలో ఉన్నది చదువుతాను. లేనిది ఎట్లా చదివేది?"

ఆయన నవ్వి, సరేనని వెళ్లిపోయాడు. స్వీట్ల డబ్బా వెనక్కి ఇద్దామనుకుంటూనే మళ్లీ పేపర్లలో పడ్డాను.

మర్నాడు సాయంత్రం సెల్లార్ గుర్తుపట్టలేనట్టు ఉంది. వెనక గోడంతా వెంచర్ బొమ్మ, దాని మూలన చిన్నగా వినాయకుడు. ఉగాది పచ్చడి మూతలు బిగించిన కప్పుల్లో వచ్చింది. తాగితే వేపపువ్వు ఎక్కడా తగల్లేదు. పన్నెండు రాశులూ చదివాను. కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఎవరూ ఎవర్నీ ఆటపట్టించలేదు, చాలామంది ఫోన్లు చూసుకుంటున్నారు. నేను ముగించగానే మేనేజర్ మైకు అందుకున్నాడు.

"మేడంగారు చెప్పినట్టు ఈ సంవత్సరం అందరికీ భూయోగం ఉన్నది! ఈ వారంలో బుక్ చేసుకున్నోళ్లకు వెండి నాణెం ఫ్రీ!"

చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పి ఫోటో తీశారు. స్టేజీ దిగి సెక్రటరీని పక్కకు పిలిచాను.

"నేను ఆ మాట చెప్పలేదు కదా?"

"పండగపూట వదిలేయుండ్రి మేడం. గిదంతా యాడ్ అని అందరికీ ఎర్కే."

అందరికీ తెలియదని మర్నాడు పొద్దున్నే తేలింది. రెండో అంతస్తులో అద్దెకుండే పెద్దాయన మా తలుపు తట్టారు. భీమవరం వైపు నుంచి వచ్చి, రైల్వేలో చేసి రిటైరైన మనిషి. చేతిలో కంపెనీ కాగితం ఉంది.

"మాది కర్కాటకమమ్మా. నిన్న మీరు చదువుతుంటే భూమి మాట నాకు వినపడలేదు. చెవులు మరీ పాడైపోయాయనుకున్నాను. మా ఆవిడేమో, మేడంగారు చెప్పారుగా, అడ్వాన్సు కట్టేద్దామంటోంది."

పంచాంగం తెచ్చి కర్కాటకం మళ్లీ చదివి వినిపించాను.

"మీ చెవులు బాగానే ఉన్నాయండీ. ఆ మాట ఇందులో లేదు, నేను అనలేదు."

ఆయన కంపెనీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఆ ముక్క మీరే వచ్చి దానికి చెప్పండమ్మా. నేను చెబితే నమ్మదు."

యూనివర్సిటీకి ఆలస్యమవుతున్నా ఆయన వెంట దిగాను. ఆవిడ బీరకాయలు తరుగుతోంది. నేను చెబుతున్నంతసేపూ కత్తిపీట మీంచి లేవకుండా వింది.

"సొంత ఇంట్లో ఉండాలని నా కోరికండీ. రాత్రంతా గుమ్మం ఎటు పెట్టుకోవాలా అని ఆలోచించాను" అంది. తర్వాత, "పండగ రోజు కూడా అబద్ధం చెప్తారా అండీ?" అని అడిగింది. కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టే అడిగింది. లేచి కాఫీ ఇచ్చింది, తాగాను.

వాళ్లు అడ్వాన్సు కట్టలేదు. వచ్చే ఏడు నేను చదవనని సెక్రటరీకి చెబితే, "మీరెందుకు తకలీఫ్ పడుడు మేడం, కంపెనీవాళ్లే పంతుల్ని పంపుతరట" అన్నాడు. అంత తేలిగ్గా పోయింది ఆ పని. ఇప్పుడు ఆవిడ మెట్ల మీద ఎదురైతే నవ్వి, ఆరోగ్యం సంగతి అడుగుతుంది. పండగల మాట మాత్రం ఎత్తదు. నేనూ ఎత్తను.