రేడియేటరు మీద చెంబు

మా షెడ్డు మావ మొన్న మంగళవారం పొద్దున్న పోయాడు. పాతపట్నం బజారులో కబురు చెప్పినవాడు "ఆ ముసలి మెకానిక్కు పోయాడట" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి ఇంజిను జబ్బు చెప్పగలిగిన మనిషి గురించి చెప్పే తీరు అదేనా? వాడితో దెబ్బలాడి మరీ షెడ్డుకి పరిగెత్తాను. ఆయన నాకు చుట్టం కాదు. మావా అంటే పలికేవాడు, అంతే. కానీ నాకు ఆయన చేసిన మేలు మీకు చెప్పకుండా ఉండలేను.

మా ఇంట్లో ఒక పాత ఫోటో ఉంది. ఏటి ఇసుకలో ఒక కారు. దాని మడ్‌గార్డు మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో కర్ర పట్టుకుని మా తాత. "ఆ రోజుల్లోనే మా అయ్యకి కారుండీది" అని మా నాన్న ఇంటికొచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు. నేను ఎర్రజెండా కరపత్రాలు చదవడం మొదలుపెట్టాక ఆ ఫోటో ఇంట్లో ఉండడమే సిగ్గనిపించింది. పాలేళ్ల నోటిముందు కూడు లాక్కోకుండా ఆ కాలంలో కారెలా వస్తుంది? "మనం తిన్నది ఎవరి కష్టం?" అని నాన్నని నిలదీశాను. ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు. ఆరు నెలలు మాకు మాటల్లేవు.

ఆ కారు ఏ దొరల కంపెనీదో తేల్చి నాన్న ముందు పెట్టాలని నా పంతం. పత్రికల్లో బొమ్మలన్నీ మూడు నెలలు వెతికాను. ఒక్కటీ కలవలేదు. రేడియేటరు మీద గుండ్రంగా మెరిసే గుర్తు ఒకటుంది, అది ఏ కారుకీ లేదు! చివరికి మావ దగ్గరికి వెళ్లాను.

మావ చేతులు కిరసనాయిలుతో కడుక్కుని, గుడ్డతో తుడుచుకుని, అప్పుడు ఫోటో అందుకున్నాడు. దేన్నయినా అంతే. "ముందు సెయ్యి కడుక్కో, తరవాత కళ్లు పెట్టు" అనేవాడు. భూతద్దం పెట్టి చూసి, ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏటి మావా?"

"ఒరే, కంపెనీ గుర్తేటి, సెంబురా ఇది! రేడియేటరు మూత ఎక్కడో పడిపోనాదని ఇత్తడి సెంబు బోర్లించి తీగతో కట్టీసినారు. అంచు సూడు!"

నిజంగానే చెంబు. మూడు నెలలు నేను వెతికింది చెంబుని!

అంతలో ఆయన నవ్వు ఆగిపోయింది. నాటుబండి చక్రాలకున్నట్టే ఆ కారు చక్రాలకీ ఇరుసు చుట్టూ ఊచల్లా కర్ర ఆకులున్నాయి. వాటిని వేలితో లెక్కపెడుతూ ఒకదాని దగ్గర ఆగాడు. అది మిగతావాటికన్నా లావు.

"ఇది నాను సెక్కిన ఆకురా! మద్ది కర్ర. అప్పటికి నాను వడ్రంగిని. ఈ బండికి కంపెనీ ఏటి? మూతి ఒక కారుది, ఒళ్లు ఒక కారుది, సక్రాలు ఇంకో దానివి. బియ్యం షావుకారు సంతలకి తిరగడానికి కట్టించుకున్నాడు."

"మరి మా తాత?"

"ఏటికి వంతెన లేదప్పుడు. ఇసకలో దిగబడితే కారుని ఎడ్లతో లాగించాలి. ఆ ఎడ్లు మీ తాతవి. సేతిలోది దొర కర్రనుకున్నావేటి? ముల్లుకర్ర! ఇరుసుకి తాడు అవుపడతందా?"

ఫోటో మీద మడత అనుకున్న గీత తాడు! నేను ఎగిరి గంతేశాను. "మా తాత కష్టజీవి మావా! ఇప్పుడే పోయి నాన్నకి చెప్తా" అంటూ సైకిలు తీశాను. మావ వెనక క్యారియరు పట్టి ఆపాడు.

"కారు తాతయితే తిట్టడానికి, ఎడ్ల తాతయితే జెండా కట్టడానికీనా? ఆడి మొకం ఒక్కసారైనా సూసినావురా? పో, మీ అయ్యకి సెప్పు. గెలిసినోడిలా మాత్రం సెప్పకు."

దారిలో సైకిలు ఆపి చూశాను. తాత నవ్వుతున్నాడు. ముక్కు అచ్చం నాదే.

ఇంటికెళ్లి నాన్న ఎదురుగా కూర్చుని మెల్లగా చెప్పాను. అంత మెల్లగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ఇన్నాళ్ల గొప్ప లాగేసుకున్నానేమో అని భయమేసింది. ఆయన ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. "నాకు రెండేళ్లప్పుడే పోనాడు. కారుండీదని మాయమ్మే సెప్పీది" అన్నాడు. తరవాత, "ఎడ్లు ఏ రంగువట?" అని అడిగాడు. నాకు తెలీదు. మర్నాడు నాన్ననే షెడ్డుకి తీసుకెళ్లాను.

మావ ఆయన్ని పాత టైరు మీద కూర్చోబెట్టాడు. "ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది బావా. తెల్లదానికి నీళ్లంటే బెదురు. మీ అయ్య తలపాగా తీసి దాని కళ్లకి కట్టి, సెవిలో ఏటో సెప్తూ దాటించీవోడు."

నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆ పూటంతా ఇద్దరూ ఎడ్ల గురించే మాట్లాడుకున్నారు.

ఇప్పుడు ఆ ఫోటో చూస్తే నాకు కారు కనబడదు. తాత తల మీద గుడ్డ లేదు. ఫోటోలో పడని చోట, తాడు అవతలి కొసన, మోకాలి లోతు నీళ్లలో తెల్ల ఎద్దు ఒకటి కళ్లకి తలపాగాతో నిలబడి, మనిషి గొంతు కోసం చెవులు రిక్కించి ఉంటుంది.