గోడవైపు తిరిగిన పలక

పోయిన నెలలో ఒక ఉదయం మా నాయన ఫోన్ చేసి, "అమ్మా, మీ మందుల మామ పోయినాడు" అన్నాడు. నిద్రలోనే పోయినాడంట, అని మాత్రం చెప్పి కాసేపు ఏమీ మాట్లాడలేదు. మా నాయన ఫోన్ మాట్లాడితే మూడు వీధులకు వినబడుతుంది. ఆయన నోరు మూయించగలిగింది మందుల మామ ఒక్కడే. పోతూ పోతూ కూడా ఆ పని చేసి పోయాడని, ఏడుస్తూనే నవ్వాను.

మామ అన్నానని చుట్టం అనుకోకండి. మార్కాపురం బస్టాండుకు పోయే దారిలో ఆయనది మందుల దుకాణం. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన్ను మామా అనో బావా అనో పిలవనివాళ్లు లేరు. దగ్గు, కళ్లకలక, అరికాల్లో విరిగిన తుమ్మముల్లు, ఏదొచ్చినా ముందు అక్కడికే పరుగు. ఆయనేమో మందు ఇవ్వడానికి ముందు ఇంటర్వ్యూ పెట్టేవాడు. నిన్న ఏం తిన్నావు, ఎండలో ఎంతసేపున్నావు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని. సగంమందిని గోళీ ఇవ్వకుండానే పంపేసేవాడు. ఒకసారి మా అమ్మకు విరేచనాలైతే నీళ్లలో కలుపుకునే పొడి పొట్లాలు చేతిలో పెట్టాడు. బస్సెక్కి ఇంతదూరం వస్తే నీళ్లు తాగమంటాడేంది ఈ మనిషి అని అమ్మ ఇల్లు చేరేదాకా గొణిగింది. తాగింది, విరేచనాలు తగ్గాయి. కోపం మాత్రం ఇంకో వారం ఉంది.

జ్వరం సంగతి వస్తే ఆయనది ఒకటే మాట. "మూడో పొద్దు దాటితే నా దగ్గరికి రాబాకండి, డాక్టరు దగ్గరికి పోండి." తనకు తెలియనిది తెలియదని అంత ధీమాగా చెప్పే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మార్కాపురం పలకలకు పేరుపడ్డ ఊరు కదా. మూల విరిగి అమ్మకానికి పనికిరాని పలకలు మామ తెచ్చి దుకాణంలో పెట్టుకునేవాడు. బీపీ చూడాలంటే ముందు బల్ల మీద పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. ఆటోవాడితో కొట్లాడి వచ్చినవాళ్లయినా సరే, కూతురి పెళ్లి కబురు తెచ్చినవాళ్లయినా సరే. తర్వాత బీపీ చూసి, బలపంతో అంకె రాసి, పలక మన చేతికిచ్చేవాడు. అంకె బాగుంటే మనమే అరచేత్తో తుడిచేసి ఇంటికి పోవచ్చు. ఎక్కువుంటే తుడవనిచ్చేవాడు కాదు. పలకను అరలో గోడవైపు తిప్పి నిలబెట్టేవాడు. డాక్టరుకు చూపించుకుని చీటీ తెచ్చేదాకా అది అట్లాగే ఉండేది. దాని మీద పేరుండదు. ఎవరిదో ఆ మనిషికీ మామకూ తప్ప తెలియదు.

మా నాయన దీన్ని పరీక్ష కిందే లెక్కేసుకున్నాడు. నెలకోసారి శనివారం బీపీ చూపించుకునే రోజు. గురువారం నుంచే ఊరగాయ జాడీ వైపు చూసేవాడు కాదు, ఉప్పులేని మజ్జిగన్నం తినేవాడు. శనివారం ఫస్ట్ క్లాసులో పాసై, ఆ సంబరంలో బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు తిని వచ్చేవాడు. ఇట్లా ఒక ఏడాది నడిచింది.

మామ కనిపెట్టకుండా ఉంటాడా? ఒక మంగళవారం నాయన విత్తనాలకని టౌనుకు పోయి, బజ్జీల బండి దగ్గర ఆయన కంటబడ్డాడు. మామ భుజం మీద చెయ్యేసి తీసుకుపోయి బల్ల మీద కూర్చోబెట్టాడు. అంకె నూట ఎనభై దాటింది. ఇంకాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూశాడు. అంతే వచ్చింది.

"ఈ పొద్దు మంగళవారం బావా. ఇది లెక్కలోకి రాదు" అన్నాడంట నాయన.

మామ ఆ అంకె రాసిన పలకను గోడవైపు తిప్పాడు. డాక్టరు దగ్గరికి పొయ్యొచ్చేదాకా తన దుకాణంలో నాయనకు జలుబు మందు కూడా దొరకదని చెప్పి పంపాడు.

నాయనకు పౌరుషం వచ్చింది. ఆ వారంలో ఆయన తల పట్టుకుని కూర్చున్నప్పుడల్లా అమ్మ నాకు ఫోన్ చేసేది. ఆయన పక్షవాతంతో మంచాన పడతాడేమోనని అమ్మ సరిగ్గా అన్నం తినలేదు. నేనుండే దర్శి నుంచి వచ్చి బతిమాలినా ఆయన వినలేదు. తలనొప్పి గోళీల కోసం ఏకంగా రైలెక్కి కురిచేడు పోయాడు. అక్కడి మందుల దుకాణమాయన నాయనను ఎగాదిగా చూసి, "మార్కాపురం పెద్దాయనవు నువ్వేనా? ముందు నీ పలక తిప్పించుకో పో" అన్నాడంట. మామ అక్కడికీ ఫోన్ చేసి, నాయన పోలికలు చెప్పి పెట్టాడు.

ఆ మర్నాడే నాయన ఆసుపత్రికి పోయాడు. సరైన సమయంలో వచ్చారని చెప్పి డాక్టరు రోజూ వేసుకునే బీపీ మాత్రలు రాశాడు. చీటీ తీసుకుని దుకాణానికి పోతే, మామ గోడవైపున్న పలక తీసి నాయన చేతికిచ్చి, తుడిచెయ్ బావా అన్నాడు. రెండు టీలు తెప్పించాడు. ఇది జరిగి ఆరేళ్లు. ఈ ఆరేళ్లలో మా నాయన నాట్లేశాడు, మనవరాలిని సైకిలు మీద తిప్పాడు, రోజూ నాతో ఫోన్‌లో అరిచాడు. ఇదంతా మామ పెట్టిన భిక్ష అని నేను మనస్ఫూర్తిగా అనుకుంటాను.

మామ దినం అయిపోయాక నాయన నన్ను వెంటబెట్టుకుని మార్కాపురం బయలుదేరాడు. కావాలనే మంగళవారం ఎంచుకున్నాడు. ఫార్మసీ చదివిన మామ కూతురే ఇప్పుడు దుకాణం చూస్తోంది. అరలో పలకలు అట్లాగే ఉన్నాయి. ఆ అమ్మాయి పలకరించేలోపే నాయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"నిన్న రెండు పూటలా ఊరగాయ తిన్నాను తల్లీ. మీ నాయనతో అబద్ధమాడినట్ల నీతో ఆడను."

ఆ మాట చెప్పి బల్ల మీద కూర్చున్నాడు. ఎవరూ చెప్పకుండానే పది నిమిషాలు నోరు విప్పలేదు. అమ్మాయి బీపీ చూసి, అంకె రాసి పలక చేతికిచ్చింది. బాగానే ఉంది. నాయన దాన్ని చాలాసేపు చూసి, అరచేత్తో నెమ్మదిగా తుడిచాడు.

తిరుగు బస్సులో నాయన ఆ చేత్తో కమ్మీ పట్టుకోలేదు. టికెట్టు కూడా ఎడమచేత్తోనే తీసుకున్నాడు. తెల్లటి బలపం పొడి అంటిన అరచేతిని ఒళ్లో పైకి తిప్పి పెట్టుకుని, మా ఊరు వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాడు.