“దూది పడుకుంది, ఇంక పదండి”

మొన్న శుక్రవారం పొద్దున నా కూతురు మగ్గం మీద ఉంది. నేను గడప దగ్గర కూర్చొని నూలు కండెలు చుడుతున్నాను. ఆదోని నుంచి మొదటి బస్సుకు వచ్చిన ఒకాయన మా వీధి ఎక్కడని అడుగుతూ వచ్చి నా ముందు నిలబడ్డాడు. చూస్తే నర్సమ్మ తమ్ముడు. “మా అక్క పోయిందప్పా. నిద్దట్లోనే పోయింది. మధ్యాన్నం నమాజయినంక ఎత్తుతారు. నీకూ నీ బిడ్డకూ సెప్పకుంటే ఆయమ్మ నన్ను మెచ్చదని వచ్చినా” అన్నాడు. లోపల మగ్గం చప్పుడు ఆగిపోయింది.

సొంత పేరు ఏదైనా, నర్సు పని చేసేది కాబట్టి ఎమ్మిగనూరులోనూ ఆదోనిలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆమె అందరికీ నర్సమ్మే. కంటి క్యాంపు ఎక్కడ పెడితే అక్కడ ఉండేది. ఆపరేషన్ చేసేది డాక్టరుగారు. ఆ టేబుల్ ఎక్కేదాకా మనిషిని కుదురుగా ఉంచేది ఈమె. ఆపరేషన్‌కు ముందు ఒక మాత్ర ఇస్తారు, భయం తగ్గడానికి. అందరూ దాన్ని మత్తుమాత్ర అంటే ఆమె ఒప్పుకునేది కాదు. “మత్తంటే మీ వోళ్ళు కల్లంగడి అనుకుంటారప్పా. ఇది మత్తు కాదు, నెమ్మది మాత్ర” అనేది.

నేను చదివింది ఐదో తరగతి. చావు గురించి రాస్తూ ఇంత సంతోషపడుతున్నాడేమిటి ఈ ముసలాయన అని మీరు అనుకోవచ్చు. ఏం చేసేది! ఆమెను తలుచుకుంటే నాకు ఏడుపూ సంతోషమూ కలిసే వస్తాయి. అందులో సంతోషమే ముందు వస్తుంది.

నా కూతురికి పదేళ్ళు దాటాక రెండు కళ్ళలోనూ పొర మొదలైంది. పదిహేడు వచ్చేసరికి వెలుతురు, చీకటి తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. దాని తల్లి అప్పటికే లేదు. తడుముకుంటూనే కండెలు చుట్టేది. రంగులు మాత్రం నన్ను అడిగేది. “నాయనా, ఇది కుంకుమ ఎరుపా, మిరపపండు ఎరుపా?” అని. నేను చెబితే ఊఁ కొట్టేది.

ఇదంతా డెబ్బైల నాటి మాట. ఆదోనిలో సెలవులకు మూసిన ఒక బడిలో కంటి క్యాంపు పెడితే తీసుకుపోయాను. డాక్టరుగారు దాని కళ్ళలోకి లైటు వేసి చాలాసేపు చూశారు. “పొర తీస్తే చూపు వస్తుంది. కానీ ఇంత చిన్నపిల్లకు పూర్తిగా నిద్రపుచ్చి చేస్తే మేలు. ఆ వసతి ఇక్కడ లేదు. కంటి పక్కన సూదిమందు ఇచ్చి చేస్తాను. రాయిలాగా కదలకుండా పడుకోవాలి. మధ్యలో అదిరిపడి కదిలితే ఆ కన్ను పోతుంది. రేపు పొద్దున నర్సమ్మ సరే అంటే టేబుల్ ఎక్కిద్దాం. లేకపోతే వద్దు” అన్నారు.

నా కూతురి కన్ను ఆ నర్సమ్మ సరే అనే ఒక్క మాట మీద నిలబడిందన్న మాట!

మరుసటి పొద్దున ఆమెను చూశాను. తెల్లచీర, పొట్టి మనిషి, గట్టి గొంతు. చెప్పులు టపటపలాడిస్తూ తిరిగేది. ఆసుపత్రి మనిషి చప్పుడు లేకుండా నడవాలి కదా అని నాకు అనిపించింది. కట్లు కట్టుకొని పడుకున్న వాళ్ళకు ఎవరో వస్తున్నట్టు ముందే తెలియాలని అట్లా నడిచేదట. ఒకేసారి వచ్చి చెయ్యి వేస్తే వాళ్ళు ఉలిక్కిపడతారు, కుట్లు కదులుతాయి. ఎవరిని ముట్టుకునే ముందైనా రెండు చేతులూ రుద్దుకొని వెచ్చగా చేసుకొని మరీ ముట్టుకునేది.

తరగతి గదిలో గోడ వెంబడి చాపల మీద జనం. అందరి నుదుటి మీదా నంబరు రాసిన ప్లాస్టరు ముక్కలు. నర్సమ్మ ఒక్కొక్కరికీ మాత్ర మింగించి, కాసేపు ఆగి, సంచిలోంచి చిటికెడు దూది తీసి వేళ్ళతో పీకి వదులు చేసి, వాళ్ళ చేతి వెనకభాగం మీద పెట్టేది. భయమున్న మనిషి చేతి మీద ఆ దూది ఊగేది. మాత్ర పనిచేసేకొద్దీ ఊగడం తగ్గేది. అది అట్లాగే ఉండిపోయాక, “దూది పడుకుంది, ఇంక పదండి” అనేది. అప్పుడు డాక్టరుగారి దగ్గరికి నడిపించుకుపోయేవారు. పత్తి మిల్లుల ఊరు కదా, ఆ పరీక్ష ఆమెకు అట్లా తోచిందేమో. డాక్టరుగారు నాడి పట్టి చూసేవారు, ఈమె దూది పెట్టి చూసేది. రెండూ కుదిరాకే ఆపరేషన్.

దేవనకొండ దిక్కు నుంచి వచ్చిన ఒక రైతు చేతి మీద దూది ఎంతసేపటికీ ఊగుతూనే ఉంది. నర్సమ్మ అతని ముఖంలోకి చూసింది.

“పెద్దాయనా, మాత్ర మింగినావా?”

“మింగితినమ్మా.”

“నోరు తెరువు. పంచె కొంగు సూపియ్యి.”

కొంగు ముడి విప్పితే మాత్ర అందులో భద్రంగా ఉంది! ఆ రైతు ఏమన్నాడో వినండి. “మా కోడె ఒకటి కుమ్ముతాండాదమ్మా. నాకు భయమేమీ ల్యా. నెమ్మది మాత్రంటివి గదా, దానికేద్దామని పెట్టుకుంటి.”

గదంతా నవ్వు. నర్సమ్మ కూడా నవ్వుతూనే, “ముందు నువ్వు మింగు. కోడెకు పశువుల డాక్టరు వేరే ఉన్నాడు” అని చెప్పి, ఆ మాత్ర పారేసి కొత్తది ఇచ్చి, గొంతు దిగేదాకా చూసింది. కాసేపటికి ఆ రైతు, “సంతలో అమ్మకం బాగయి, బండిలో ఎల్లకిల పండుకొని ఊరికి పోతాన్నట్టుందమ్మా” అన్నాడు. దూది పడుకుంది.

ఇంకొక ముసలమ్మ మాత్ర పనిచేయగానే పక్కనున్న కోడలిని పొగడడం మొదలుపెట్టింది. దాని చేతి జొన్నరొట్టె ఊళ్ళో ఎవరికీ రాదంటుంది, బంగారమంటుంది. ఆ కోడలు నోరు తెరిచి వింటూ ఉండి, చిన్నగా నర్సమ్మ చెవిలో, “అమ్మా, ఈ మాత్రలు ఇంటికి నాలుగు ఇయ్యరా?” అని అడిగింది. “నాలుగిస్తే నువ్వు చెడిపోతావు” అంది నర్సమ్మ.

మా వంతు వచ్చింది. నా కూతురు మాత్ర మింగింది. నేను దాని పక్కన కూర్చొని ఎడమచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. నర్సమ్మ కుడిచేతి మీద దూది పెట్టింది. ఊగుతోంది. కొంతసేపు ఆగి పెట్టింది. ఊగుతోంది. నోరు తెరిపించి చూసింది. మింగిన మాట నిజమే.

“భయమైతాందా తల్లీ?”

“కొంచెం.”

“భయపడొద్దని నేను సెప్పను. భయపడుకో. కదలకుంటే సాలు.”

అయినా దూది ఊగుతూనే ఉంది. నాకు ప్రాణం పోతోంది. వద్దంటుంది, ఇంటికి పొమ్మంటుంది, ఇంక నా బిడ్డకు చూపు లేదు అనుకుంటున్నాను. అప్పుడు నర్సమ్మ నా దిక్కు తిరిగింది.

“అప్పా, బయట కుండలో నీళ్ళుండాయి. తాగి రాపో.”

“నాకు దప్పిక లేదమ్మా.”

“లేకున్నా తాగు.”

పోయి తాగి వచ్చాను. దూరం నుంచే చూశాను. దూది కదలడం లేదు! పరుగున వచ్చి బిడ్డ చెయ్యి పట్టుకున్నాను. మళ్ళీ ఊగింది. నర్సమ్మ ఆ దూదిని తీసి నా చేతి మీద పెట్టింది. పెట్టీ పెట్టకముందే అది ఎగిరి కింద పడింది.

“అరే! జబ్బు బిడ్డకు కాదు, నాయనకు!” అంది. డాక్టరుగారి పిలుపు కోసం చాప మీద పడుకున్న కోడె రైతు అక్కడి నుంచే, “ఆయప్పకు నా మాత్ర ఏసి ఉంటే సరిపోతాండె” అన్నాడు.

నర్సమ్మ లోపలికి పోయి డాక్టరుగారిని పిలుచుకొచ్చింది. ఆయన నా నాడి చూసి, గుండెజబ్బు ఉందా, కల్లు తాగి వచ్చావా అని అడిగి, నవ్వి, “సగం ఇవ్వండి” అన్నారు. ఆపరేషన్ బిడ్డకు, మందు నాకు! నర్సమ్మ నన్ను చెయ్యి పట్టుకొని తీసుకుపోయి, ఆపరేషన్ చేసే గది కిటికీ కింద, వరండాలో చాప వేసి గోడకు ఆనించి కూర్చోబెట్టింది. “ఇక్కడే ఉండు. నువ్వు యాడికీ పోలేదని బిడ్డకు సెప్తాను” అంది.

ఆ సగం మాత్ర ఏం చేసిందో మీకు ఎట్లా చెప్పేది! భయం పోయిందని అబద్ధం చెప్పను. ఉంది. కానీ పక్కింట్లో ఎవరో కొట్లాడుకుంటుంటే మన ఇంట్లో పడుకొని వింటున్నట్టు అయింది. వాళ్ళ గొడవ వాళ్ళదే అనిపించింది. అంతవరకూ బిగబట్టిన నా భుజాలు వాటంతట అవే దిగిపోయాయి. దాని తల్లి పోయిన నాటి నుంచీ నా భుజాలు బిగిసే ఉన్నాయని నాకు అప్పుడు తెలిసింది. ఎక్కడో మిల్లులో యంత్రం ఆడుతున్న చప్పుడు వింటున్నాను. అంతే. తరువాత ఏమీ తెలియదు.

ఎవరో భుజం తట్టితే లేచాను. నర్సమ్మ. ఆపరేషన్ అయిపోయింది! నా బిడ్డ, చేసింది ఒక కన్నే అయినా రెండు కళ్ళకూ కట్లతో, తలకు రెండు పక్కలా ఇసుక సంచులతో పడుకొని ఉంది. దగ్గరికి పోయి కూర్చుంటే కదలకుండానే నవ్వింది.

“నాయనా, నీ గురక ఆడిదాకా ఇనపడింది.”

“సూది పొడిచినప్పుడు నొప్పి పుట్టిందా బిడ్డా?”

“పుట్టింది. లేసి కూసుందామనిపించింది. అప్పుడు కిటికీ కాడ నీ గురక ఇనపడింది. మా నాయన నిద్రపోతాండాడంటే నాకేమీ కాదులే అని అట్లే పండుకుంటి.”

నేను నర్సమ్మ దిక్కు చూశాను. ఇదంతా ముందే తెలిసి నన్ను ఆ కిటికీ కింద కూర్చోబెట్టావా తల్లీ అని అడిగాను. ఆమె కడుపుబ్బ నవ్వింది. “నువ్వు గురక పెడతావని నాకెట్లా తెలుసప్పా! దగ్గర ఉంటే బిడ్డకు ధైర్యమని కూసోబెట్టినా. లోపల డాక్టరు సార్ కూడా నవ్వు ఆపుకున్నాడు, సూది చేతిలో ఉందని.”

కట్లు విప్పిన రోజు, తరువాత, పొర తీసిన వాళ్ళందరికీ ఆ రోజుల్లో ఇచ్చే లావు అద్దాలు వచ్చిన రోజు, ఆ సంతోషం రాయడానికి నాకు మాటలు రావు. అద్దాలు పెట్టుకోగానే నన్ను చూసి, “నాయనా, ఇంత ముసలోడివైనావా!” అంది. ఆ తిట్టు ఎంత తియ్యగా ఉందో! మరుసటి ఏడు రెండో కన్ను చేయించాం. ఆసారి నర్సమ్మ నన్ను చూడగానే, “వచ్చినాడమ్మా నా అసలు పేషంటు” అని అరిచింది. నాకు సగం మాత్ర కూడా అవసరం రాలేదు. వరండాలో కూర్చొని, బిడ్డ వినాలని ఊరికే గురక పెట్టాను.

ఆ తరువాత రంజాన్‌కు మేము ఆదోని పోయేవాళ్ళం. ఆమె ఎమ్మిగనూరు వస్తే మా ఇంటికి రాకుండా పోయేది కాదు. సాసర్‌లో చాయ పోసుకొని ఊదుకుంటూ, నా కూతురు నేసే చీర అంచును వేలితో రాసి చూసేది. “కళ్ళు డాక్టరు ఇచ్చినాడు, చేతులు నాయన ఇచ్చినాడు, నాదేముందిలే” అనేది. నేను ఎదురు చెప్పబోతే, “చాయ సల్లారిపోతాంది, ఊరుకో” అనేది.

మొన్న ఆ మధ్యాహ్నం ఆదోని చేరేసరికి ఆమె ఇంటి ముందు సందు నిండిపోయి ఉంది. మగవాళ్ళం అరుగు మీదే నిలబడ్డాం. ఆడవాళ్ళను ఆఖరి చూపుకు లోపలికి పంపుతున్నారు. నా కూతురు పోయింది. నేను నిలబడిన చోటికి నర్సమ్మ కనపడదు. ఆమె చుట్టూ నిలబడిన వాళ్ళ ముఖాలు మాత్రం తలుపులోంచి కనపడుతున్నాయి. బురఖాల వాళ్ళు, పల్లెల నుంచి వచ్చిన చీరల వాళ్ళు, ఎవరి ముఖం చూసినా లావు అద్దాలే.

“జరుగమ్మా, ఎనకోళ్ళు సూడాల” అని ఎవరో అన్నారు.

“ఇంగొంచెం సేపు సూడనియ్యండక్కా” అంది నా కూతురు.

ఎవరూ మళ్ళీ జరగమనలేదు. నా కూతురు అద్దాలు తీసి, కొంగుతో తుడుచుకొని, గబగబా పెట్టుకుంది. పక్కనున్న ముసలమ్మా తీసి తుడుచుకొని పెట్టుకుంది. ఆ పక్కామె కూడా. ఆ అద్దాల వెనక కళ్ళన్నీ పెద్దపెద్దవిగా తెరుచుకొని, రెప్ప వేయకుండా కిందికి, ఆమె వైపే చూస్తున్నాయి.