మూడు ఊళ్ళకు నలభై సీట్లు

పదీ పదికి నా తెర మీద 'నలభైకి నలభై వాడుకలో ఉన్నాయి' అని కనిపించింది. ఎదురుగా మా జనగామ ల్యాబ్‌కు తాళం వేసి ఉంది. ఇక్కడ ఒక్కరూ వాడటం లేదు. ఇంకో ఇరవై నిమిషాల్లో భూపాలపల్లి కాలేజీలో పద్దెనిమిది మంది సివిల్ పిల్లలకు డ్రాయింగ్ ప్రాక్టికల్ పరీక్ష.

మా యూనివర్సిటీకి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో మూడు కాలేజీలున్నాయి. ఇళ్ళ ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్‌కు మూడింటికీ కలిపి నలభై లైసెన్సులు. తెరిచినవాళ్ళకు ఒకటి వెళుతుంది, మూసేస్తే తిరిగొస్తుంది. నలభై నిండితే ఆ తర్వాత వచ్చినవాళ్ళకు తెరుచుకోదు. ఈ పంపకం చూసేది నేను. ఇంకో ఇరవై కొనాలని అందరూ అంటుంటే, సరిగ్గా పంచుకుంటే నలభై చాలని నోట్ రాసిందీ నేనే. గ్యాస్ కట్టానో లేదోనని బస్టాండు దాకా పోయి వెనక్కి వచ్చే మనిషిని, ఆ ఒక్క నోట్ మీద మాత్రం ధైర్యంగా సంతకం పెట్టాను.

ఫోన్ మోగింది. భూపాలపల్లి ల్యాబ్ చూసే అక్క.

"చెల్లె, ఒక్కటి సుత తెరుసుకుంటలేదు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ సారు పదకొండు దాక సూస్తడట. లేకుంటే పరీక్ష రద్దని రాసి పోతడట. పిల్లలు పరేషాన్ అయితున్నరు."

"పది నిమిషాలియ్యి అక్కా."

"నలభై చాలని రాసింది నువ్వేనని సారుకు చెప్పాల్నా?"

అక్క నవ్వలేదు.

జాబితా తెరిచాను. నలభైకి నలభై మహబూబాబాద్‌వే, అన్నీ తొమ్మిదింటికే తెరిచినవి. ఇక్కడి నుంచే తెంపేయగలను. కానీ ఎవరైనా సగం గీసి ఉంటే అది పోతుంది. అక్కడి ల్యాబ్ అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, ల్యాబ్ల ఎంతమంది ఉన్నరు?"

"ఎవ్వల్లేరు మేడం. టిఫిన్‌కు పోయిన్రు. మధ్యాన్నం రెండింటికి క్లాసు."

"మరి అన్ని సిస్టంలల్ల ఎందుకు తెరిచున్నది?"

"పొద్దుగాలనే తెరిసి పెట్టుకొమ్మని నేనే చెప్పిన. లేకుంటే జనగామోళ్ళు గుంజుకోరా? బస్సు కిటికీల నుంచి దస్తీ ఏసినట్టన్నట్టు."

కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. స్టేషన్ ఘన్‌పూర్‌లో వరంగల్ బస్సులో సీటు ఆపుకోవడానికి నేనెన్నిసార్లు చేతిరుమాలు వేశానో.

"మీ దస్తీలు భూపాలపల్లోళ్ళ పరీక్షను ఆపినయన్నా. గీసింది ఉంటే సేవ్ చేసి, ఒక్కొక్కటి బంద్ చెయ్యి. జర ఉరుకు."

"అయ్యో, పరీక్షనా! ఫోన్ పెట్టకు మేడం."

చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. "ఒట్టి తెల్ల కాయితం... గిది గూడ ఒట్టిదే... మేడం, గీడ ఎవరో పిల్లి బొమ్మ గీసిన్రు. సేవ్ చెయ్యాల్నా?"

"చెయ్యన్నా!"

నలభై కాస్తా ముప్పై ఆరయింది, ముప్పై అయింది. ఇరవైకి దిగుతుండగా మళ్ళీ పైకి పాకింది. ఈసారి పేర్లన్నీ భూపాలపల్లివి. పద్దెనిమిదోది కనిపించేదాకా నేను కుర్చీలో వెనక్కి ఆనలేదు. అక్క ఫోన్ చేసి, "అందరికి తెరుసుకున్నయ్ చెల్లె!" అని అరిచిన అరుపు పక్క గదిలోకి కూడా వినిపించి ఉంటుంది.

మధ్యాహ్నం సర్వర్‌లో రెండు మార్పులు చేశాను. ఇరవై నిమిషాలు ఎవరూ ముట్టని లైసెన్సు తిరిగి వచ్చేస్తుంది. పరీక్ష ఉన్న కాలేజీకి కావలసినన్ని ముందే విడిగా ఉంటాయి. ఇది నేను ముందే చేయాల్సింది. మంచిగా చెబితే పంచుకుంటారనుకున్నాను, కానీ చెప్పడం కూడా సరిగ్గా చెప్పలేదు. అందుకే మూడు ల్యాబ్‌ల టైంటేబుల్ ఒకే కాగితం మీద రాసి ముగ్గురికీ పంపాను. ఎవరి క్లాసు ఎప్పుడో ఇప్పుడు అందరికీ తెలుసు.

సాయంత్రం రిజిస్ట్రార్ సారు పిలిచి, "ఇంకో ఇరవై కొనే ఫైలు ఏం చెయ్యమంటవమ్మా?" అన్నారు.

"అవసరం లేదు సార్. నలభై చాలు."

మరునాడు పొద్దున జడ వేస్తుంటే పెద్దది అడిగింది, "అమ్మా, నువ్వు ఆఫీసుల ఏం చేస్తవ్?" అని. ఎప్పుడడిగినా ఏదో కంప్యూటర్ పని అని దాటేసేదాన్ని. ఆ రోజు చిన్నోణ్ణి కూడా దగ్గరికి పిలిచి చెప్పాను: "నిన్న భూపాలపల్లిల పద్దెనిమిది మంది పరీక్ష రాసిన్రు బిడ్డా. రాయించింది మీ అమ్మనే."